సూసుకునేటోళ్లను సూసుకునేదెవ్వరు?

మా ఊళ్లె ఒక అక్క ఉన్నది. పెనిమిటికి పక్షవాతమొచ్చి ఆరేండ్లాయె. ఈ ఆరేండ్లల్ల ఒక్క బతుకమ్మకు గూడ ఆమె తల్లిగారింటికి పోలే. పోయినేడు తమ్ముడు పిలువనొస్తే, "నేనొస్తే ఈయనను పక్కకు మలిపేదెవరురా?" అని అడిగింది. ఆ పిలగాడు మాట్లాడకుంట ఎల్లిపోయిండు.

రెండు గంటలకోపారి పక్కకు మలపకపోతే వీపంత పుండ్లైతయి. రాత్రి గూడ అంతే. మధ్యల బీడీలు చేస్తది. ఇప్పుడామె నడుము పోయింది. డాక్టర్ "నెల రోజులు బరువు లేపకు" అన్నడు. ఇంట్ల ఉన్న బరువే మనిషాయె, ఎట్ల లేపకుంటది?

ఆ ఇంటికి సర్కారు నుంచి వచ్చేది వికలాంగుల పింఛన్. 2023ల దాన్ని 3,016 నుంచి 4,016 చేసిండ్రు. ఆరు వేలు ఇస్తమని అదే ఏడు ఎన్నికలల్ల కాంగ్రెస్ మాటిచ్చింది. పక్కన ఆంధ్రల మంచానికే పరిమితమైనోళ్లకు 2024 జులైల పదిహేను వేలు చేసిండ్రు. మన దగ్గర గూడ పెరగాలె, దాంట్ల రెండో మాట లేదు. కని పింఛన్ రోగి పేరు మీద వస్తది, మందులకు, డైపర్లకు పోతది. సేవ చేసేటామె పేరు ఏ రిజిస్టర్ల గూడ ఉండది.

చట్టం లేదా అంటే ఉన్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ల, ఎక్కువ ఆసరా కావాల్సినోళ్లకు సంరక్షకుల భత్యం కోసం పథకాలు పెట్టాలె అని రాసిండ్రు. దానికి "ఆర్థిక స్తోమత మేరకు" అని ఒక తోక తగిలిచ్చిండ్రు. ఆ తోక పట్టుకొనే సర్కార్లు తప్పించుకుంటున్నయి. నేషనల్ ట్రస్ట్ కింద 'సమర్థ్' అనే పథకం ఉన్నది, మనిషిని కొన్నొద్దులు ఉంచుకునే కేంద్రాల కోసం. అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధి ఎదగనోళ్లు, బహుళ వైకల్యం ఉన్నోళ్లకే. పక్షవాతమొచ్చిన మనిషికి అండ్ల జాగ లేదు.

2007 చట్టం ప్రకారం ముసలి తల్లిదండ్రులను ఇడిసిపెడితే మూన్నెల్లు జైలు, లేకుంటే ఐదు వేల జుర్మానా, లేదంటే రెండూ. మంచిదే. మరి ఇడువకుంట సూసుకునేటోళ్లకు ఏమిస్తున్నరు?

"అయినోళ్లను సూసుకునుటానికి పైసలేంది, అది మన సంస్కృతి" అంటరు కొందరు. ఆ సంస్కృతి ఎవరి నడుము మీద నిలవడ్డదో కేంద్రం లెక్కలే చెప్తున్నయి. 2024 టైమ్ యూజ్ సర్వేల 15 నుంచి 59 ఏండ్ల ఆడోళ్లల్ల 41 శాతం మంది ఇంట్లోళ్లను సూసుకునే పని చేస్తున్నరు, పిల్లలను గూడ కలిపి. మగోళ్లు 21.4 శాతమే. చేసేటోళ్లల్ల గూడ ఆడోళ్లు రోజుకు 140 నిమిషాలు, మగోళ్లు 74.

కేరళల 'ఆశ్వాసకిరణం' కింద మంచం పట్టినోళ్లకు సేవ చేసేటోళ్లకు నెలకు ఆర్నూర్లు పెట్టిండ్రు. ఆర్నూర్లు ఏ మూలకూ చాలయి. కని ఆమె పేరు ఒక లిస్టులకైతే ఎక్కింది. పంచాయతీల తరఫున నర్సు ఇంటికొచ్చి సూసిపోతది.

మనం అడగాల్సినయి మూడే. ఒకటి, భత్యం సేవ చేసేటోళ్ల ఖాతాల పడాలె. రెండు, నెలకు రెండొద్దులు శిక్షణైన మనిషి ఇంటికి రావాలె. మహిళా సంఘాలోళ్లకు నేర్పి కూలి గట్టియ్యొచ్చు, ఆశా అక్కల నెత్తిన మాత్రం ఊకెనే రుద్దొద్దు. మూడు, ప్రతి ఏరియా ఆస్పత్రిల నాలుగు మంచాలు పక్కకుంచి, ఏడాదికి ఒక వారం రోగిని ఆడ సూసుకోవాలె. ఆ వారంల ఆమె తల్లిగారింటికే పోతదో, కడుపునిండ నిద్రే పోతదో ఆమె ఇష్టం.

సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణికి మేం దరఖాస్తు పట్టుకపోతున్నం. మొదటి పేరు మా ఊరి అక్కది. మీ ఇండ్లల్ల గూడ గిట్లాంటోళ్లు ఉంటే పేర్లు రాసి మీ జిల్లాల ఇయ్యిండ్రి. రోగి పేరు గాదు, సేవ చేసేటోళ్ల పేరు.