సోరియాసిస్ – నయమా, అదుపా?

మా చోడవరంలో సోరియాసిస్ ఉన్నవారిని దురదకన్నా ఎక్కువగా బాధించేది ఎదుటివారి చూపు. ఇది అంటువ్యాధి కాదు, కుష్ఠు అంతకన్నా కాదు. రోగనిరోధక వ్యవస్థ దారి తప్పినందున, నెలకు మారవలసిన చర్మకణాలు కొద్దిరోజులకే పైకి వచ్చి పొలుసులు కడతాయి.

అంటనిదనీ, సమూల నివారణ లేనిదనీ 2014లో ప్రపంచ ఆరోగ్య సభ తన తీర్మానంలోనే పేర్కొన్నది. అయినా "శాశ్వతంగా నయం" అన్న మాటకు మనవారు లొంగిపోతూనే ఉన్నారు. ఆ పొట్లాలలో స్టెరాయిడ్ కలిసి ఉంటే, మానిన నాడు జబ్బు మరింత ఉధృతంగా తిరగబెడుతుంది.

అదుపు మాత్రం సాధ్యమే. లేపనాలు, అతినీలలోహిత కిరణచికిత్స, రక్తపరీక్షలు చేయించుకుంటూ వారానికొక్కసారి మాత్రమే వాడే మెథోట్రెక్సేట్ ఎందరికో ఊరటనిస్తున్నాయి. కనుక నయం చేస్తాననే వానికన్నా, అదుపులో ఉంచుదామనే చర్మవైద్యుడే నమ్మదగినవాడని నా అభిప్రాయం. ఇక మనవంతు చికిత్స ఒకటుంది: జంకక చేయి కలపడం.