నడిసంద్రంలో ఫోన్ పనిచేయదు.. ‘మేడే’ అని మూడుసార్లు పిలిస్తే చాలా? చానల్ 16లో ఏం చెప్పాలంటే..

తీరం దాటి కాస్త లోపలికి వెళ్తే మొబైల్ సిగ్నల్ మాయం. ఇంజిన్ ఆగినా, బోటులోకి నీళ్లు వచ్చినా అప్పుడు దిక్కు వైర్‌లెస్ సెట్టే. 2017 నవంబర్ చివర్లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు మత్స్యకారులు చాలామంది అప్పటికే వేటలో ఉన్నారు. దూరంగా ఉన్న బోట్లకు హెచ్చరిక చేరే దారే లేకపోయింది. ఆ విషాదం తర్వాతే సముద్రంలో కమ్యూనికేషన్‌పై సీరియస్‌గా చర్చ మొదలైంది.

ఏం చెప్పాలి?

ప్రపంచమంతటా ఆపద పిలుపుకు వీహెచ్ఎఫ్ చానల్ 16 (156.8 మెగాహెర్ట్జ్) వాడతారు. ‘మేడే’ అని మూడుసార్లు చెప్పాలి. ‘సాయం చేయండి’ అనే ఫ్రెంచ్ మాట నుంచి వచ్చిన పదం ఇది. తర్వాత వరుసగా..

- బోటు పేరు మూడుసార్లు
- జీపీఎస్‌లో కనిపించే అక్షాంశం, రేఖాంశం
- ఏం జరిగింది, ఏం సాయం కావాలి
- బోటులో ఎంతమంది ఉన్నారు

చివర్లో ‘ఓవర్’ అని బటన్ వదిలేయాలి. వదలకపోతే అవతలివాళ్ల జవాబు వినిపించదు. ప్రాణాపాయం లేదు, ఇంజిన్ మాత్రమే ఆగిందంటే ‘మేడే’ కాదు.. ‘పాన్ పాన్’ అనాలి.

శాటిలైట్ ఉండగా రేడియో ఎందుకు?

అసలు పాయింట్ ఇక్కడే ఉంది. వీహెచ్ఎఫ్ దాదాపు చూపు ఆనినంత దూరమే పనిచేస్తుంది. అందుకే ఇస్రో శాటిలైట్ ద్వారా పనిచేసే డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ తయారు చేసింది. పాత మోడల్‌లో బటన్ నొక్కాక సందేశం చేరిందో లేదో బోటులో ఉన్నవాళ్లకు తెలిసేది కాదు. 2024లో వచ్చిన రెండో తరం పరికరంలో ‘అందింది’ అని తిరుగు జవాబు వస్తుంది. తుపాను హెచ్చరికలూ వస్తాయి. అదే ఏడాది ఆగస్టులో లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు ఇచ్చే పథకాన్ని కేంద్రం ప్రారంభించింది.

కానీ శాటిలైట్ అలర్ట్ కంట్రోల్ సెంటర్‌కు వెళ్తుంది. కోస్ట్ గార్డ్ నౌక రావడానికి టైమ్ పడుతుంది. రెండు మైళ్ల దూరంలో వల వేస్తున్న పక్కబోటుకు ముందుగా వినిపించేది రేడియోనే. ఆ బోటు పిలుపు విని, తీరం నుంచి జవాబు రాకపోతే ‘మేడే రిలే’ అంటూ ముందుకు అందించవచ్చు. అంటే రెండూ కావాలి. ఒకటి ఉందని ఇంకోటి పక్కన పెడితే రిస్కే.

మిగిలింది అలవాటే

చాలా బోట్లలో సెట్ వాడటం సరంగుకే తెలిస్తే, ఆయనే నీళ్లలో పడితే పిలిచేదెవరు? తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉండే ఆ 61 రోజుల్లో కళాసీలందరికీ ఈ నాలుగు మాటలు నేర్పిస్తే ఖర్చు దాదాపు సున్నా. ఒడ్డున ఉన్న కుటుంబాలు మాత్రం కోస్ట్ గార్డ్ నంబర్ 1554ను ఫోన్‌లో సేవ్ చేసుకోవాలి.