నోట్సులో లేని షాలిమార్

సివిల్స్‌కి ఆప్షనల్‌గా పీఎస్ఐఆర్, అంటే రాజనీతి శాస్త్రం-అంతర్జాతీయ సంబంధాలు, తీసుకున్నానని చెప్పే మన కుర్రాణ్ని ఒక్క మాట అడిగి చూడండి. మన సమాఖ్య వ్యవస్థ మీద నీ అభిప్రాయం ఏంటి? తడుముకోకుండా మూడు పేర్లు వల్లిస్తాడు. కె.సి. వేర్ అర్ధ సమాఖ్య అన్నాడు, మోరిస్ జోన్స్ బేరసారాల సమాఖ్య అన్నాడు, గ్రాన్విల్ ఆస్టిన్ సహకార సమాఖ్య అన్నాడు. సరే నాయనా, వాళ్లు అన్నారు. నువ్వేమంటావ్? ఇక నోరు పెగలదు.

1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని కూలదోస్తే, నెల రోజుల్లో ఆయన్ని మళ్లీ కుర్చీ ఎక్కించిన జనం ఈ కుర్రాడి తాతలే. కృష్ణా నీళ్ల గురించి టీకొట్టు దగ్గర గంటసేపు వాదించేదీ ఇతనే. పరీక్ష హాల్లో కాలు పెట్టగానే అదంతా మర్చిపోయి విదేశీ పండితుడి పేరు వెతుక్కుంటాడు. ఇలా మర్చిపోవడాన్ని ఏళ్ల తరబడి, ఫీజు తీసుకుని మరీ నేర్పిస్తున్నారు.

మెయిన్స్ రాతపరీక్షలో 1750 మార్కులకి ఆప్షనల్ వాటా 500. 2022లో మొదటి ర్యాంకు ఇషితా కిషోర్‌ది, 2024లో శక్తి దూబేది. ఇద్దరి ఆప్షనలూ పీఎస్ఐఆరే. ఇంకేం, పొలోమని అందరూ అటే. ప్లేటో నుంచి హానా ఆరెంట్ దాకా ఒక్కొక్కరికి ఒక్కో పేజీ, పేజీకి నాలుగు కొటేషన్లు. రాజనీతి శాస్త్రంలోంచి రాజకీయాన్ని ఏరి పారేసి మిగిలిన పిప్పిని స్పైరల్ బైండింగ్ చేసి అమ్ముతున్నారు. పది మార్కులకి 150 మాటలని గిరిగీసిన యూపీఎస్సీ కూడా ఈ పాపంలో భాగస్వామే.

వీళ్లందర్నీ ఒక పూట షాలిమార్‌లో నిలబెట్టాలి. హుగ్లీకి పడమటి ఒడ్డున, హౌరా వైపున్న స్టేషన్ అది. మనవాళ్లు కలకత్తా బండి అనే కోరమాండల్ ఇప్పుడు అక్కడే బయల్దేరుతుంది. జనరల్ బోగీల ముందు క్యూలో సంచులతో, బకెట్లతో నిలబడ్డ మనుషుల్ని చూడండి. చెన్నైలో, కేరళలో, మన ఊళ్లలో లేచే అపార్ట్‌మెంట్లకి ఇటుక మోసే చేతులవి. వాళ్లలో ఒకరి టికెట్ తీసుకుని చదవండి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని రూపాయలు, ఏ తేదీ, అన్నీ ఉంటాయి. మనిషి పేరు ఉండదు.

2023 జూన్ 2 మధ్యాహ్నం అక్కడ బయల్దేరిన కోరమాండల్ ఆ సాయంత్రమే బాలాసోర్ జిల్లా బహనగా బజార్ దగ్గర ఆగివున్న గూడ్సుని గుద్దింది. 290 మందికి పైగా పోయారు. సిగ్నల్ సర్క్యూట్ పనుల్లో జరిగిన తప్పులే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. నన్ను ఇప్పటికీ వదలనిది ఇంకో సంగతి. 28 మృతదేహాలు ఎవరివో నాలుగు నెలలైనా తేలలేదు. అక్టోబరులో భువనేశ్వర్‌లో ప్రభుత్వమే దహనం చేసింది. ఆధార్ ఉంది, ఓటరు కార్డు ఉంది, రేషన్ కార్డు ఉంది, అయినా తన పౌరుడెవరో రాజ్యానికి తెలియలేదు. పేపర్ వన్‌లో రాజ్య సిద్ధాంతాలని ఓ అధ్యాయం ఉంది: ఉదారవాద, మార్క్సిస్టు, బహుళవాద, స్త్రీవాద. ఈ 28 మందికి అందులో చోటెక్కడ?

ఓటు సంగతి ఇంకా ఘోరం. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం మామూలుగా ఎక్కడ నివాసముంటే అక్కడే ఓటు. మూడు నెలలకో సైటు మారే మేస్త్రీ మామూలుగా ఉండేదెక్కడ? ఇలాంటి వలస కూలీలు ఉన్నచోటి నుంచే సొంతూరి ఓటు వేసేలా, ఒక్క మెషీన్‌తో 72 నియోజకవర్గాల ఓట్లు వేయించవచ్చని 2022 డిసెంబరులో ఎన్నికల సంఘం ప్రకటించింది. మరుసటి నెలలో పార్టీలని పిలిచింది, ప్రతిపక్షాలు ససేమిరా అన్నాయి, కథ అక్కడే ఆగింది. ప్రతిపక్షాల అనుమానాల్లో పస ఉందా లేదా అన్నది వేరే చర్చ. కానీ ఆ చర్చే అసలైన రాజనీతి శాస్త్రం. నోట్సులో దానికి దక్కేది ఒక బుల్లెట్ పాయింటు.

ఇక పేపర్ టూ, అంతర్జాతీయ సంబంధాలు. దానికోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, స్టేషన్ వెనక పారే నీళ్లు చాలు. హుగ్లీలో మేట వేస్తున్న ఇసుకని కడిగి కలకత్తా రేవుని బతికించాలనే 1975లో ఫరక్కా బ్యారేజీ నడవడం మొదలైంది. ఇక్కడికి తిప్పిన నీరు బంగ్లాదేశ్‌కి తగ్గిన నీరు. 1996 డిసెంబరులో ముప్ఫై ఏళ్ల గంగా ఒప్పందం కుదిరిందంటే అందులో అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు చెయ్యి ఉంది. 2011లో బంగ్లాదేశ్‌తో తీస్తా నీళ్ల ఒప్పందం ఆగిపోయిందంటే అందులో అప్పటి ముఖ్యమంత్రి మమతా బెనర్జీ చెయ్యి ఉంది. విదేశాంగ విధానం కేంద్రం సొత్తు అని కంఠతా పట్టినవాడు ఈ రెంటినీ ఎలా వివరిస్తాడో చూడాలని ఉంది.

‘సొంత మాట రాస్తే మార్కులు పోతాయి సార్’ అంటారు. షాలిమార్ నుంచి మన వైపు వచ్చే ఇదే లైను మీద పలాస ఉంది. ఆ మండలంవాడే రోణంకి గోపాలకృష్ణ. తెలుగు మాధ్యమంలో రాసి, తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చి 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు కొట్టాడు. ఆప్షనల్ తెలుగు సాహిత్యం, నిజమే. కానీ అరువు మాటలు లేకపోతే గట్టెక్కలేమన్న భయానికి జవాబుగా ఆ ర్యాంకు చాలదా? అసలు ఆ అరువు మాటల వెనకా జీవితాలున్నాయి. సిలబస్‌లో ఉన్న అరవిందుడు ఐసీఎస్ రాతపరీక్ష గట్టెక్కి కూడా గుర్రపుస్వారీ పరీక్ష దగ్గర ఆగిపోయినవాడు. ఎం.ఎన్. రాయ్ బెంగాల్ వదిలి మెక్సికో దాకా పోయినవాడు. అలాంటి జీవితాల్ని ఐదు పాయింట్లకి కుదించి అచ్చేసేవాళ్లకి సిగ్గులేదు, కొనేవాళ్లకి ఓపిక లేదు.

పరీక్ష ఇవాళో రేపో అయిపోతుంది. పాసైనవాడు ఏదో ఒకనాడు జిల్లా కలెక్టరవుతాడు. తన జిల్లాలో ఇటుక బట్టీ ఎక్కడుందో, అక్కడ ఒడియా, బెంగాలీ మాట్లాడే కుటుంబాలు ఎన్నున్నాయో, వాళ్ల పిల్లలకి బడి ఉందో లేదో చెప్పడానికి ఆ రోజు ఏ కొటేషనూ పనికిరాదు. ఏ ఊరి రేషన్ కార్డయినా దేశమంతా చెల్లాలని 2021లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ గడువు పెట్టి మరీ చెప్పింది. తన జిల్లా రేషన్ షాపులో బెంగాల్‌లోని ముర్షిదాబాద్ కార్డుకి బియ్యం ఇస్తున్నారో లేదో ఆ కలెక్టరు ముందు వెళ్లి చూసి రావాలి.