చేపల లెక్కలో తట్టకు చోటేదీ?

పుస్తెలమ్మి అయినా పులస తినాలని గోదావరి జిల్లాల్లో ఒక సామెత. ఆ చేప రుచి ఎంత గొప్పదో చెప్పడానికి అందరూ సరదాగా వాడతారు. అమ్మే పుస్తెలు ఎవరి మెడలోవి, ఆ కూరలో ఆమెకి దక్కే ముక్క ఏపాటిది అని మాత్రం ఎవరూ అడగరు. వానాకాలంలో సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే పులస ఇప్పుడు బాగా తగ్గిపోయింది. దాని దారికి ధవళేశ్వరం ఆనకట్ట అడ్డం, గుడ్లు పెట్టకముందే వల. దొరికిన ఒక్క చేప వేల రూపాయలు పలికితే పేపర్లో పడుతుంది. చేప కరువై ఎవరి బతుకు ఎలా మారిందో పేపర్లో పడదు.

స్త్రీల హక్కుల పత్రికలో చేపల మీద సంపాదకీయం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. నేనుండే తిరువూరుకి సముద్రం వంద కిలోమీటర్ల పైమాటే. అయినా ఎండు మెత్తళ్ళూ రొయ్యపొట్టూ లేని వంటిల్లు ఈ ప్రాంతపు పేదల వాడల్లో ఉండదు. మాంసం కొనలేని ఇంట్లో కూలికి వెళ్లొచ్చిన ఆడమనిషి గుప్పెడు ఎండుచేపలతో కూర వండి అందరికీ పెడుతుంది. ఆ గుప్పెడు తగ్గితే ముందు తగ్గేది ఆమె కంచంలోనే. అందువల్ల సముద్రంలో చేపలెన్ని ఉన్నాయన్నది మన ప్రశ్న కూడా.

సముద్రంలో చేపల్ని నేరుగా లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఇందుకు నమూనా పద్ధతిని రూపొందించింది. పడవలు ఒడ్డుకి చేరే రేవుల్లో కొన్నింటిని, నెలలో కొన్ని రోజుల్ని ఎంచుకుంటారు. ఆ రోజు వచ్చిన పడవల్లో కొన్నింటిని పరిశీలించి ఏ రకం చేప ఎంత బరువు పడిందో రాసుకుంటారు. దాన్నిబట్టి జిల్లాకీ రాష్ట్రానికీ అంచనా వేస్తారు. చేపల పొడవు కొలుస్తారు, కడుపు కోసి గుడ్ల దశ చూస్తారు. చేపలు ఏటికేడాది చిన్నవవుతుంటే, ఒకసారైనా గుడ్లు పెట్టకముందే వలలో పడుతుంటే, ఆ జాతికి ముప్పు వచ్చిందని అర్థం. ఇది ఓపికతో చేసే పని, విలువైన పని.

ఇందులో మనం గమనించాల్సిన సూత్రం ఒకటుంది. పడిన బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం. ఆ బరువు కోసం పడవ ఎన్ని గంటలు వేటాడిందో కూడా చూడాలి. నిరుడు పది గంటల్లో దొరికిన చేప ఈ ఏడు ఇరవై గంటలకి దొరికితే, బరువు మారకపోయినా సముద్రంలో చేప తగ్గినట్టే. అంటే శాస్త్రవేత్తలు శ్రమని కొలుస్తున్నారు. అయితే వాళ్లు కొలిచే శ్రమ పడవ దగ్గర ఆగిపోతుంది. తెల్లవారుజామున వేలంపాట కోసం కాచుకుని, అప్పు చేసి తట్ట నింపుకుని, బస్సువాడి చీదరింపులు భరిస్తూ నాలుగూళ్లు తిరిగే స్త్రీ శ్రమ మాటేమిటి? నిరుడు రెండూళ్లలో ఖాళీ అయిన తట్ట ఈ ఏడు నాలుగూళ్లు తిరిగినా మిగిలిపోతోందంటే అదీ ఒక కొలతే. దాన్ని రాసుకునే కాగితం ఏ కార్యాలయంలో ఉంది?

స్త్రీలు బొత్తిగా లెక్కలో లేరని నేననడం లేదు. 2010 నాటి సముద్ర మత్స్యకార గణన దేశంలో చేపలమ్మేవాళ్లలో, ఎండబెట్టేవాళ్లలో, రొయ్యలు ఒలిచేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలేనని తేల్చింది. అది తలల లెక్క. వాళ్లకి తెలిసినదాన్ని చేపల అంచనాలో కలుపుకోవడం వేరే సంగతి. చేపల్ని రకాలుగా ఏరేదీ, పొట్ట చీల్చి శుభ్రం చేసేదీ, ఎండబెట్టేదీ ఎవరు? కవ్వలు ఏ నెలలో చిన్నగా వస్తున్నాయో, ఏ చేప కడుపులో గుడ్లు ముందే కనిపిస్తున్నాయో ఆమె చేతులకి తెలుసు. ఒకప్పుడు ఆమె ఎండబెట్టుకున్న చిల్లర చేప ఇప్పుడు కోళ్ల, చెరువుల మేత కోసం పొడి చేసే మిల్లులకి పోతోంది. ఆ చిల్లర చేపలో పెద్ద జాతుల పిల్లలు ఎన్నున్నాయో ఆమెని అడిగితే చెబుతుంది.

ఇలాంటివాళ్ల మాట వినకపోతే ఏమవుతుందో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ చూపించింది. ఒడ్డు దగ్గర వేటాడే చిన్న మత్స్యకారులు కాడ్ చేప తగ్గుతోందని, చిన్నదవుతోందని ఏళ్ల తరబడి చెప్పారు. అంచనాలు మాత్రం పెద్ద ట్రాలర్ల దిగుబడి మీద ఎక్కువగా ఆధారపడ్డాయి. యంత్రాలతో చేపల గుంపుల్ని వెతికి పట్టుకునే ఓడకి చివరి గుంపు దాకా దిగుబడి బాగానే ఉంటుంది. 1992 జూలైలో వేట నిషేధించేనాటికి ఆలస్యమైపోయింది. సుమారు 30,000 మంది పని పోయింది. చేపల్ని కోసి శుద్ధిచేసే కర్మాగారాల్లోని స్త్రీలూ వాళ్లలో ఉన్నారు.

మన తీరానికి వద్దాం. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో యంత్రాల పడవల వేటని ఏటా ఆపుతారు. 2015 నుంచి అది ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 దాకా, 61 రోజులు. నిషేధం అవసరమే, దాన్ని మనం సమర్థిస్తాం. ఆ రోజుల్లో వేటకి వెళ్లే మత్స్యకారుడికి మన రాష్ట్ర ప్రభుత్వం 2019లో 10,000 రూపాయలు ఇచ్చింది, 2025లో దాన్ని 20,000 చేసింది. ఇదీ న్యాయమే. కానీ ఈ సాయానికి అర్హత పడవని బట్టి, వేటని బట్టి వస్తుంది, తట్టని బట్టి రాదు. భర్త పోయిన స్త్రీ, భర్త వదిలేసిన స్త్రీ, ఇంట్లో వేటకి వెళ్లే మగవాడు లేని స్త్రీ అదే 61 రోజులు అదే రేవులో పని లేకుండా కూర్చుంటుంది. చేపల సంతానం కోసం ఆమె కూడా పస్తులుంటోంది. ఆ త్యాగానికి పేరూ లేదు, పైకమూ లేదు.

మంచినీటి చేపల సంగతి మరీ అయోమయం. తిరువూరు బజారులో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది చెరువుల్లో పెంచిన బొచ్చె, శీలావతి. కొరమీను, మార్పు, జెల్లల లాంటి సహజంగా పెరిగే చేపలు అరుదయ్యాయి. మాకు పక్కనే మైలవరం కొండల్లో పుట్టిన బుడమేరు పోయి కలిసేది కొల్లేటిలో. ఆ కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లని 2006లో తెగ్గొట్టారు. చెరువుల మీద పెట్టుబడి పెట్టినవాళ్లు వేరు, వాటిలో కూలి చేసినవాళ్లు వేరు. నష్టం గురించి మాట్లాడినప్పుడు మొదటివాళ్ల గొంతే గట్టిగా వినిపించింది. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశానికే మొదటిదని గొప్పగా చెప్పుకుంటాం. ఆ మొత్తంలో పెద్ద వాటా మేత వేసి పెంచినది. పెంచిన చేప పెట్టుబడి ఎంతో చెబుతుంది, నదీ సముద్రమూ ఎలా ఉన్నాయో చెప్పదు. రెండింటినీ కలిపి ఒకే అంకె చూపిస్తే, పెరిగినది తగ్గినదాన్ని కప్పేస్తుంది. ఎవరి చేప తగ్గిందో, ఎవరి చేప పెరిగిందో కనపడదు.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. రేవుల్లో జరిగే సర్వే పడవ దగ్గర ఆగిపోకుండా వేలంపాట దాకా, ఎండబెట్టే దిబ్బల దాకా రావాలి. అక్కడ పనిచేసే స్త్రీలు చెప్పే చేప పరిమాణం, ధర, తిరిగిన దూరం క్రమం తప్పకుండా నమోదు కావాలి. నిషేధ కాలపు సాయం చేపలమ్మే, ఎండబెట్టే స్త్రీలకి వాళ్ల పేరు మీదే అందాలి. సహజంగా దొరికిన చేపనీ పెంచిన చేపనీ ప్రభుత్వం విడివిడిగా ప్రకటించాలి. ఊరి చెరువుల్లో ఎన్ని పిల్లల్ని వదిలారన్న దానితో సరిపెట్టకుండా, ఎంత చేప పట్టారో, అది ఎవరికి దక్కిందో చెప్పాలి. ఆ లెక్కలు తెలుగులో రేవుల్లోనూ బజార్లలోనూ అతికించాలి. చిన్నతరహా చేపల వేటపై ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో ఆమోదించిన మార్గదర్శకాలు స్త్రీ పురుష సమానత్వాన్ని మూలసూత్రాల్లో ఒకటిగా చెప్పాయి. అవి స్వచ్ఛందమైనవే. పట్టుబట్టి అడిగేవాళ్లుంటేనే అమలవుతాయి.

చేపల్ని కాపాడుకోవడమంటే రేపటికి కొంత మిగల్చడం. ఇంట్లో ఉన్నదాన్ని రేపటికి కూడా సర్దడం స్త్రీలు తరతరాలుగా చేస్తున్న పని. ఆ అనుభవం ఉన్నవాళ్లని బయట కూర్చోబెట్టి వేసే అంచనాలు అరకొరగానే ఉంటాయి. మన సంఘాల సభ్యులు ఈసారి చేపల బజారుకి వెళ్లినప్పుడు బేరంతో ఆగకుండా, పదేళ్ల క్రితం తట్టలో ఏముండేదో, ఇప్పుడేముందో అమ్మే ఆమెని అడిగి రాసి పంపండి. సర్కారు మొదలుపెట్టని లెక్కని మనం మొదలుపెడదాం.