ఉక్కు కాళ్ళన్న మాట

"పొలం పనికి పోయే పిల్లలు సార్, వాళ్ళ కాళ్ళకేమైతాది? ఉక్కు!" కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు బడి మైదానం గట్టున నిలబడి ఆడపిల్లల ఫుట్‌బాల్ మాటెత్తితే వచ్చే జవాబు ఇది. అనేవాళ్ళు ప్రేమతోనే అంటారు. ఆడపిల్ల బంతి తన్నడమేమిటని మూతి విరిచేవాళ్ళ మధ్య ఆమె తరఫున పలికే మాట కాబట్టి దాన్ని కాదనడానికి ఎవరికీ నోరు రాదు. నేను కాదంటున్నాను. ఈ పొగడ్త చాటునే మన పిల్లలకు అందాల్సిన శిక్షణ అందకుండా పోతోంది.

పొలం పని బలం ఇవ్వదా అంటే, ఇస్తుంది. కానీ ఏ పని చేస్తే ఆ పనికి సరిపడే బలమే వస్తుంది. పత్తి తీసే పిల్ల పొద్దు పొడిచింది మొదలు నడుం వంచి సాలు వెంట మెల్లగా కదులుతుంది. మిరప కోతలో చెట్టు చెట్టుకూ జరుగుతుంది. అది గంటల తరబడి నిలిచే ఓర్పు, దానికి నేను చేతులెత్తి మొక్కుతాను. మైదానంలో అడిగేది వేరు. ఉరుకుతూ ఉరుకుతూ ఉన్నపళంగా ఆగాలి, ఒంటికాలి మీద గిరుక్కున తిరగాలి, ఎగిరి తలతో బంతిని కొట్టి ఒక్క కాలి మీద దిగాలి. ఆ క్షణాన ఒంటి బరువుకు కళ్ళెం వేసే బలం కావాలి. పత్తి చేనులో ఆ బలంతో పనే పడదు, పని పడనిది పెరగదు.

మోకాలి లోపల ఏసీఎల్ అనే చిన్న కట్టు ఉంది. కింది ఎముక తొడ ఎముక కింది నుంచి ముందుకు జారిపోకుండా పట్టి ఉంచేది అదే. తొడ ముందు కండరాలు బిగిస్తే ఆ ఎముక ముందుకు లాగబడుతుంది, వెనక కండరాలు బిగిస్తే వెనక్కి వస్తుంది. ఎద్దులబండికి రెండు ఎడ్లూ సమంగా లాగాలని రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బంతి తన్నీ తన్నీ ముందు కండరం బలుస్తూ పోయి వెనక కండరం అక్కడే ఆగిపోతే, ఆ తేడా అంతా ఈ కట్టు మీదే పడుతుంది. దిగేటప్పుడు మోకాలు లోపలికి ముడుచుకున్నదా, ఇక చెప్పేదేముంది. పాదం నేలను తాకాక సెకనులో ఇరవయ్యో వంతు గడవకముందే కట్టు తెగిపోవచ్చు. చాలాసార్లు పక్కన ఎవరూ తగలను కూడా తగలరు. 2023 మహిళల ప్రపంచకప్‌కు ముందు ఇంగ్లండ్ కెప్టెన్ లియా విలియమ్సన్, ఆమె జట్టుకే చెందిన బెత్ మీడ్, నెదర్లాండ్స్‌కు చెందిన వివియాన్ మీడెమా ముగ్గురూ ఈ గాయంతోనే ఇంట్లో కూర్చున్నారు. ఆ స్థాయి శిక్షణ దొరికినవాళ్ళకే తప్పనిదాన్ని పత్తి చేను తప్పిస్తుందని ఏ ధైర్యంతో అంటున్నాం?

ముందు వెనకల తేడాతో అయిపోలేదు, కుడి ఎడమల తేడా కూడా ఉంది. కుడికాలితో తన్నే పిల్లకు ఒంటి బరువంతా మోసేది ఎడమ కాలు. 2010లో అచ్చయిన ఒక అమెరికా పరిశీలనలో, ఎవరూ తగలకుండానే ఏసీఎల్ తెగిన మగ ఆటగాళ్ళలో నూటికి 74 మందికి తన్నే కాలే దెబ్బతింది. ఆడవాళ్ళలో తన్నే కాలు నూటికి 32 మందికే, మిగతావాళ్ళకు ఊతంగా నిలిచిన కాలు తెగింది. మన శిక్షకుల చూపంతా తన్నే కాలి మీదే ఉంటుంది, షాట్ ఎంత దూరం పోయిందని చూస్తారు. ఊతకాలిని ఎవరు చూస్తున్నారు? నీళ్ళ బిందె ఎప్పుడూ ఒకే నడుం మీద మోసే పిల్లకు రెండు పక్కలూ సమంగా ఉన్నాయని చూడకుండానే ఎలా నమ్ముతాం?

వయసు సంగతి దగ్గర ఈ ఉక్కు మాట మరీ తేలిపోతుంది. పదేళ్ళప్పుడు ఆడపిల్లకూ మగపిల్లవాడికీ కాలి బలంలో పెద్ద తేడా ఉండదు. పదకొండు, పన్నెండేళ్ళకు ఆమె ఎత్తు ఒక్కసారిగా పెరుగుతుంది. ఎముక పొడవవుతుంది, బరువు పెరుగుతుంది, ఆ పొడవునూ బరువునూ అదుపు చేసే కండ మాత్రం అదే జోరున రాదు. ముఖ్యంగా తొడ వెనక కండ, పనిగట్టుకుని పెంచితే తప్ప వెనకబడుతుంది. మోకాళ్ళకు ముప్పు మొదలయ్యేది అక్కడే. సరిగ్గా ఆ ఈడులోనే మన ఊళ్ళలో పిల్ల పెద్దమనిషైందని ఆట మాన్పిస్తారు. ఏడాది తర్వాత ఏ మేడమో ఇంటికెళ్ళి బతిమాలితే మళ్ళీ పంపుతారు. వచ్చిన పిల్ల పాత పిల్ల కాదు, ఆ ఒళ్ళు ఆమెకే కొత్త. అయినా పదేళ్ళ పిల్లకూ పదహారేళ్ళ పిల్లకూ ఒకే డ్రిల్లు, గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు.

దీని మీద సుగ్గి, అంటే కూలి పనుల కోసం వలస. పంట చేతికి రాని ఏడు కోసిగి నుంచి ఇళ్ళకిళ్ళు తాళాలేసుకుని గుంటూరు మిరప చేలకో, తెలంగాణ పత్తి చేలకో, బెంగళూరుకో పోతాయి. ముసలివాళ్ళే మిగులుతారు. పిల్లలూ వెంట పోతారు. నెలల తరబడి ఒక్క పరుగు తీయని పిల్ల ఉగాదికి ఊరు చేరుతుంది. పని చేసే వచ్చింది కదా, ఒళ్ళు గట్టిగానే ఉంటుందిలే అని నేరుగా మ్యాచ్‌లోకి దించుతారు. నాకు కోపం తెప్పించేది ఇదే. వలసను శిక్షణగా లెక్కగట్టడం కన్నా అన్యాయం ఏముంది! డేరాల్లో పడుకుని, దొరికింది తిని వచ్చిన పిల్ల ఆమె. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తహీనులు. ఇక ఉక్కు ఎక్కడిది?

ఈ మాటకు ఎదురుగా మరో మాట కాచుకుని ఉంటుందని తెలుసు: "అందుకే చెప్పేది, ఆడవాళ్ళ ఒంటి తీరే అంత, ఆ ఆట వద్దు." ఇది మొదటిదానికన్నా తప్పు. స్వీడన్‌లో 12 నుంచి 17 ఏళ్ళ ఆడపిల్లలు 4,564 మందిని ఒక సీజనంతా పరిశీలించారు. వారానికి రెండుసార్లు, పావుగంట చొప్పున మోకాలి వ్యాయామం చేయించిన జట్లలో ఏసీఎల్ గాయాలు 64 శాతం తగ్గాయి. అంతకుముందు నార్వేలో 1,892 మంది ఆడపిల్లల మీద ఫిఫా 11+ వార్మప్‌ను పరీక్షిస్తే తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి పడిపోయాయి. ఆడపుట్టుకే కారణమైతే పావుగంట వ్యాయామానికి ఇంత తేడా ఎలా వస్తుంది? మన నిజామాబాద్ పిల్ల గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడి, 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్ దాకా వెళ్ళింది. సిక్కోలు బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఆమె బలం ఏళ్ళ తరబడి లెక్క ప్రకారం బరువులెత్తితే వచ్చింది. బరువులెత్తితే ఆడపిల్ల చెడిపోతుందనే భయం అప్పుడే పోవాల్సింది.

కాలి బలం కొలిచే మిషన్లు లక్షల ఖరీదు, అవి మనకెక్కడివి అంటారు. వద్దు. ఆ మిషన్లిచ్చే అంకెలు కూడా ఏ పిల్లకు గాయమవుతుందో ముందే చెప్పలేవు. సుద్దముక్క, టేపు చాలు. గీత మీద ఒంటికాలితో నిలబెట్టి వరసగా మూడు గెంతులు వేయించండి. ఎంత దూరం పోయిందో కొలిచి, రెండో కాలితోనూ వేయించండి. ఒక కాలి దూరం రెండోదానిలో పదింట తొమ్మిది వంతుల కన్నా తగ్గితే ఆ కాలికి పని చెప్పండి. ఎదురుగా నిలబడి, దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా చూడండి. వెనక కండకు మరీ సులువైన పని ఉంది. మోకాళ్ళ మీద నిలబెట్టి, వెనక నుంచి తోటి పిల్ల మడమలు గట్టిగా పట్టుకుంటే, ఒళ్ళు నిటారుగా ఉంచి వీలైనంత నిదానంగా ముందుకు వాలాలి. మొదటి రోజు మూడుసార్లకే తొడలు పట్టేస్తాయి, కాబట్టి కొద్ది కొద్దిగా పెంచాలి. పదేళ్ళవాళ్ళకు తొక్కుడుబిళ్ళ లాంటి గెంతులాటలే పెట్టండి. పన్నెండు దాటినవాళ్ళకు ఎగిరి మెత్తగా దిగడం నేర్పండి. పదహారేళ్ళవాళ్ళకు ఇసుక సంచి భుజాన పెట్టి గుంజీలు తీయించండి.

ఉగాదికి ఊరొచ్చిన పిల్లను ఆ వారమే మ్యాచ్‌కు దించకండి. ముందు కడుపునిండా తిననివ్వండి. మూడు నాలుగు వారాలు గీత మీద గెంతించి, ఎడమ కాలు కుడికాలిని అందుకున్నాకే ఆమె చేతికి జెర్సీ ఇవ్వండి.