శాంతిపూజ, కిరోసిన్ గుడ్డ

విశాఖ లాంటి మేడల ఊళ్లో సన్‌షేడ్ కిందో, నీళ్లట్యాంకు అడుగునో పెద్ద తేనెపట్టు పడగానే ముందు పిలిచేది సిద్ధాంతిని. పట్టు పడితే యజమానికి కీడని, కొన్నాళ్లు ఇల్లు పాడుపెట్టి శాంతి చేయించాలని ఒకరు చెబుతారు. అది లక్ష్మీప్రదం, కదపొద్దని ఇంకొకరు చెబుతారు. ఒకే పట్టుకు రెండు వ్యతిరేక ఫలాలు చెప్పే నమ్మకం ఏం జరిగినా తనదే నిజమంటుంది. దాన్ని పరీక్షించే దారే లేదు. ఎక్కువ ఇళ్లలో గెలిచేది మాత్రం భయం. ఆ రాత్రే కిరోసిన్ గుడ్డ చుట్టిన కర్ర లేస్తుంది. తేనె కోసం కూడా కాదు, దోషం పోవాలని వేల ఈగల్ని, గదుల్లోని పిల్లపురుగుల్ని కాల్చేస్తారు. అదే ఇళ్లలో తేనెను పంచామృతంలో కలిపి దేవుడికి అభిషేకం చేస్తారు. 1956లో ఏర్పడి ఈ నగరం నుంచే నడుస్తున్న గిరిజన సహకార సంస్థ అమ్మే తేనెను ఇష్టంగా కొంటారు. తేనె పవిత్రమైనప్పుడు దాన్ని కూడబెట్టిన గూడు అరిష్టమెలా అయింది?

ఈగలు చోటు వెతికే తీరు తెలిస్తే ఈ భయానికి ఆధారం మిగలదు. పెద్ద తేనెటీగ ఒకే పట్టును ఆరుబయట వేలాడదీస్తుంది. అది మీటరు వెడల్పు దాకా పెరుగుతుంది. దానికి పైన కప్పు, కింద ఖాళీ, శత్రువుకు అందని ఎత్తు కావాలి. అడవిలో ఇవి కొండచరియ కింద, మహావృక్షం కొమ్మకు దొరుకుతాయి. ఊళ్లో కాంక్రీటు సన్‌షేడ్ కింద దొరుకుతాయి. తొర్రతేనెటీగకు చీకటి కావాలి కాబట్టి చెట్టుతొర్రలో, గోడకన్నంలో వరుసగా పట్టులు కడుతుంది. చిన్న తేనెటీగ పొదలో కొమ్మ చుట్టూ అరచేయంత పట్టు పెట్టి, చీమలు ఎక్కకుండా కొమ్మకు జిగురు పూస్తుంది. ఐరోపా తేనెటీగల్లో ఈ వెతుకులాటను శాస్త్రవేత్తలు మార్టిన్ లిండావర్, తర్వాత థామస్ సీలీ వివరంగా గమనించారు. అన్వేషక ఈగలు తొర్రలోకి వెళ్లి కొలుస్తాయి, తిరిగొచ్చి నాట్యంతో చెబుతాయి. సుమారు 40 లీటర్ల చోటు, చిన్న ద్వారం, నేలకు ఎత్తు ఉన్నదానికే ఎక్కువ మద్దతు దొరుకుతుంది. ఇంటి యజమాని నక్షత్రం ఆ లెక్కలోకి రాదు.

ఏటా మా ఇంటికే ఎందుకొస్తాయని అడుగుతారు. పెద్ద తేనెటీగలు పూతను బట్టి వలసపోతాయి, మళ్లీ పాత చోటికే వస్తాయి. కొన్ని పట్టుల్లో అదే రాణి సంతతి తిరిగొచ్చిందని జన్యుపరీక్షల్లో తేలింది. వాటికి నచ్చింది మీ ఇంటి సన్‌షేడ్ అంచు. పాడుబడ్డ ఇళ్లలో పట్టులుంటాయి కదా, పెద్దలు చూసే చెప్పారు కదా అంటారు. చూసింది నిజమే, కారణం తిరగబడింది: మనుషుల అలికిడి లేదు కాబట్టి ఈగలు చేరాయి. ఈగలు చేరినందుకు ఇల్లు పాడుబడలేదు.

పూజ వల్ల నష్టమేమిటని మరో మాట. పూజ దగ్గరే ఆగితే ఖర్చుతో పోయేది. కానీ దోషమని ఒకసారి అనుకున్నాక పట్టును ఉండనివ్వడానికి ఎవరికీ ధైర్యం చాలదు. కుట్టే ప్రమాదం మాత్రం నిజం, ముఖ్యంగా పసిపిల్లలకు, ఎలర్జీ ఉన్నవారికి. అయితే మంట దాన్ని పెంచుతుంది. కుట్టిన ఈగ వదిలే వాసనకు మిగతావి రెచ్చిపోయి దాడికి దిగుతాయి. పట్టు వైపు కిటికీలు మూసి, రాత్రిళ్లు అటు లైటు ఆర్పితే ఈగలు గదుల్లోకి రావడం తగ్గుతుంది. తీయక తప్పని చోట పట్టు దించడం తెలిసినవాళ్లను పిలవాలి. మిగతా చోట్ల పూత తగ్గాక పెద్ద తేనెటీగలు ఖాళీ పట్టు వదిలేసి వాటంతటవే వెళ్లిపోతాయి.