పరుగెత్తేది మనోళ్లు, డ్రోన్ చేసేది ఎవరు?

పోస్టు కాస్త పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

పలాసలో మా హాస్టల్లో తెల్లారి నాలుగున్నరకే బూట్ల చప్పుడు మొదలవుతుంది. అగ్నివీర్ కోసం ఎనిమిది మంది రన్నింగ్‌కి పోతారు. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల లోపు కొడితే ఫుల్ మార్కులు. నా పక్క మంచం వాడిది కూడా మాలాగే మందస కొండల దగ్గర సవర ఊరు. ఐదు నిమిషాల ఇరవై సెకన్లలో కొట్టేస్తున్నాడు. చిన్నప్పటి నుంచి కొండెక్కి దిగిన కాళ్లు కదా. మా ఇళ్లలో ఇంటర్ దాటి చదివింది మేమే మొదలు. ఉద్యోగం అంటే మాకు తెలిసిన దారి ఈ పరుగే.

2025 ఆగస్టులో ఒక వార్త చదివాను. హైదరాబాద్ బిట్స్ పిలానీ క్యాంపస్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్లు, ఇద్దరికీ 20 ఏళ్లే, హాస్టల్ గదిలో డ్రోన్లు తయారుచేసి ఆర్మీకి అమ్మారు. అపోలియన్ డైనమిక్స్ అని కంపెనీ కూడా పెట్టారు. లింక్డ్‌ఇన్‌లో ఆఫీసర్లకి మెసేజ్‌లు పెడితే ఒక కల్నల్ పిలిచి డెమో చూశారట. నాకూ 20 ఏళ్లే. నేనూ హాస్టల్ గదిలోనే ఉన్నాను. మా గదిలో ఆరు ఫోన్లకి ఒకటే ప్లగ్గు, దానికోసమే రోజూ చిన్న యుద్ధం.

వాళ్ల మీద నాకు కోపం లేదు, తెలివైనవాళ్లు. నా బాధ వేరే.

యుద్ధం మారిపోయింది. ఉక్రెయిన్‌లో కొన్ని పదుల వేల రూపాయల చిన్న డ్రోన్ పోయి కోట్ల ఖరీదు ట్యాంకుని కాల్చేస్తోంది. 2025 జూన్ 1న లారీల మీద చెక్క గదుల్లో దాచిన 117 డ్రోన్లతో రష్యా లోపలి వైమానిక స్థావరాల మీద దాడి చేశారు. దానికి మూడు వారాల ముందే మన సరిహద్దులో అటూ ఇటూ డ్రోన్లు ఎగిరాయి. పెద్ద కంపెనీ ఒక ఆయుధం తయారుచేసేసరికి ఏళ్లు పడతాయి, చిన్న కంపెనీ నెలల్లో మార్చి ఇస్తుంది. అందుకే 2018 నుంచి కేంద్రం ఐడెక్స్ పేరుతో స్టార్టప్‌లకి డబ్బులిస్తోంది. ఒక్కోదానికి కోటిన్నర దాకా, కొన్నింటికి ఇంకా ఎక్కువ. హైదరాబాద్‌లో 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ ఇప్పుడు డ్రోన్లని అడ్డుకునే యంత్రాలు చేస్తోంది. పని మన తెలుగు నేల మీదే ఉంది, మనమే అందులో లేము.

మనం ఎక్కడున్నామంటే మురళీ నాయక్ ఉన్న చోట. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా. అమ్మానాన్నలు ముంబైలో కూలి చేసి పెంచారు. అగ్నివీర్‌గా చేరాడు. 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయాడు. అతనికి చేతులెత్తి జోహార్లు. కానీ ఒక మాట అడగాలి. కొత్త యుద్ధంలో యంత్రం చేసేవాళ్లు ఒక రకం ఇళ్ల నుంచి, గుండు తగిలేవాళ్లు ఇంకో రకం ఇళ్ల నుంచి వస్తే, దాన్ని దేశసేవ అని ఇద్దరికీ సమానంగా పంచినట్టేనా?

పైగా ఆ పరుగు దారి కూడా సన్నబడుతోంది. నాలుగేళ్లు పనిచేశాక వందకి 25 మందినే ఉంచుకుంటారు. మిగతావాళ్లకి పన్నెండు లక్షల లోపు డబ్బు, పెన్షన్ లేదు. 2023 నుంచి ముందు కంప్యూటర్ పరీక్ష, అది పాసైతేనే పరుగు. మావాడు కాళ్లతో గెలుస్తాడు, మౌస్ దగ్గర ఓడిపోతాడు.

అయితే డ్రోన్లు నేర్చుకుందాం అంటే అదీ అంత తేలిక మాట కాదు. బస్తర్ అడవుల్లో డ్రోన్లతో బాంబులేశారని ఊరివాళ్లు అన్నారు, పోలీసులు కాదన్నారు. నిజం ఏదైనా, సరిహద్దు కోసం చేసిన యంత్రం రేపు కొండ మీద తిరగదని ఎవరూ రాసివ్వరు. నేనే ఒకటి చేస్తే అది ఎవరి ఊరి మీద ఎగురుతుందో అని నాకు భయమే. కానీ తెలియకుండా కింద నిలబడటం కన్నా తెలిసి ఉండటం మేలు అని నా అభిప్రాయం. తప్పైతే చెప్పండి.

డ్రోన్ పైలట్ సర్టిఫికెట్‌కి రూల్ ప్రకారం పద్దెనిమిదేళ్లు, పదో తరగతి పాస్ చాలు. నేను ఒక శిక్షణ సంస్థకి ఫోన్ చేస్తే, వాళ్లు చెప్పిన ఫీజుతో మా ఇంట్లో ఏడాది బియ్యం కొనొచ్చు. 2024 అక్టోబర్‌లో విజయవాడ కృష్ణా ఒడ్డున 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీశాయి, గిన్నిస్ రికార్డులొచ్చాయి. బాగుంది. అందులో పది డ్రోన్లు, విప్పి బిగించడానికి ఒక బల్ల, నేర్పడానికి ఒక మాస్టారు, ఇవి గిరిజన కాలేజీలకి, ఐటీఐలకి ఇవ్వమని మనం అడగాలి. ఫీజు ఐటీడీఏ కట్టాలి. నాలుగేళ్లు అయిపోయి ఇంటికొచ్చే మన అగ్నివీర్‌లకి కూడా అదే బల్ల దగ్గర చోటివ్వాలి.

ఇదంతా రాత్రి మావాడితో అంటే, "ఏటిరా, నా పరుగు వేస్టంటావా?" అన్నాడు. కాదురా అన్నాను. కాసేపాగి, "మరి దాంతో మా ఊరికి మందులు పంపొచ్చేటి? వానల్లో డోలీ మోయలేక సస్తన్నాం" అన్నాడు. పొద్దున్న మామూలుగానే నాలుగున్నరకి లేచిపోయాడు.

మన గ్రూపులో ఐటీఐ ఎలక్ట్రానిక్స్ చేసిన అన్నలు, అక్కలు ఎవరైనా పలాస చుట్టుపక్కల ఉంటే ఆదివారం మా హాస్టల్‌కి రండి. మా దగ్గర ఒక సోల్డరింగ్ ఐరన్, రెండు పాత ఫ్యాన్ మోటార్లు ఉన్నాయి. టీ మేం పెడతాం.